మా తర్వాత ఎవరు? మీ బిడ్డ చుట్టూ తోడు బృందం ఎలా కట్టాలి

మేధో వైకల్యం, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి తల్లిదండ్రులు ఎక్కడ కలిసినా, మాట ఎక్కడ మొదలైనా, చివరికి అడిగేది ఒకటే: "మేం పోయాక ఎవరు చూస్తారు?" దీనికి జవాబు చాలామంది డబ్బులో వెతుకుతారు, లేదా మంచి హాస్టల్‌లో వెతుకుతారు. రెండూ అవసరం కావొచ్చు. కానీ ఆ డబ్బు మీ బిడ్డ కోసమే ఖర్చవుతోందా అని అడిగేవాళ్లు ఉండాలి. హాస్టల్‌కి వెళ్లి ఎలా ఉందో చూసొచ్చేవాళ్లు, మొహం చూడగానే ఒంట్లో బాగాలేదని పసిగట్టేవాళ్లు ఉండాలి. అలాంటి మనుషులు లేనప్పుడు ఆ రెండు ఏర్పాట్లనూ నమ్మలేం. మీరు ఆరోగ్యంగా, ఓపికగా ఉన్నప్పుడే వాళ్లను కూడగట్టడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను.

దీన్ని తోడు బృందం అందాం. ఒక మనిషి జీవితం బాగుండాలని కోరుకుని, జీతం లేకుండా, అప్పుడప్పుడూ కలిసి కూర్చుని, తలా ఒక చిన్న పని పట్టుకునే నలుగురైదుగురు. 1980 ప్రాంతంలో కెనడాలోని టొరంటోలో, తీవ్రమైన శారీరక వైకల్యం ఉన్న జుడిత్ స్నో అనే ఆమె చుట్టూ మార్షా ఫారెస్ట్ తదితర స్నేహితులు ఇలా చేరారు. సంరక్షణ సంస్థలో మగ్గిపోకుండా ఆమె బయట సొంతంగా బతకడానికి దారి చూపింది ఆ స్నేహితులే. 1989లో వాంకూవర్‌లో కొందరు తల్లిదండ్రులు "మా తర్వాత ఎవరు" అన్న ఇదే ప్రశ్నతో ప్లాన్ అనే సంస్థ పెట్టి, ఇలాంటి బృందాలు కట్టడం మొదలుపెట్టారు. చరిత్ర ఇంత చాలు, పనిలోకి వద్దాం.

రాయడానికి వీలుగా "మీ అమ్మాయి" అంటున్నాను. కొడుకైనా, తమ్ముడైనా, అక్కైనా పద్ధతి ఇదే. వయసు పద్దెనిమిదైనా నలభై ఐదైనా మొదలుపెట్టొచ్చు.

కావలసినవి

- ఒక పెద్ద కాగితం, రంగు పెన్నులు, ఒక నోట్‌బుక్
- ఆమెకు తెలిసిన మనుషులవి, వెళ్లే చోట్లవి, ఇష్టమైన వస్తువులవి ఫొటోలు
- మొదట ఇద్దరు మనుషులు (మిగతావాళ్లు తర్వాత వస్తారు)
- సమావేశం నడిపే ఒకరు, వీలైతే మీ ఇంటివారు కాకుండా
- ఏడాది పడుతుందన్న అంచనా

రిజిస్ట్రేషన్, కమిటీ, చందా ఏవీ అక్కర్లేదు. అవి పెడితే అసలు పని వెనక్కి పోతుంది.

1. ముందు ఆమెనే అడగండి

బృందం ఆమెది. ఎవరు రావాలో, ఎవరు వద్దో చెప్పే హక్కూ ఆమెదే. చాలా ఇళ్లలో ఈ మెట్టు దాటేసి నేరుగా బంధువులకు ఫోన్లు చేస్తారు. ఆర్నెల్లు తిరిగేసరికి అది తల్లిదండ్రుల బృందంగా మిగులుతుంది.

అడగడంలో ఒక జాగ్రత్త ఉంది. మేధో వైకల్యం ఉన్నవారిలో చాలామంది ఎదుటివారిని నొప్పించడం ఇష్టంలేక, లేదా ప్రశ్న పూర్తిగా అర్థంకాక, దేనికైనా "అవును" అనేస్తారు. పరిశోధకులు 1980ల మొదట్లోనే దీన్ని గుర్తించారు. అందుకని తిప్పి అడగండి. "డాన్స్ క్లాసు ఇష్టమా?" అంటే "అవును" అంది. కాసేపాగి "డాన్స్ క్లాసు మానేద్దామా?" అన్నా "అవును" అంటే, ఆమె జవాబు మీ గొంతుకే గానీ ప్రశ్నకు కాదు. అలాగే "పాటలా, బొమ్మలు గీయడమా?" అంటే చివర విన్నదే చెప్పవచ్చు. ఇంకోసారి వరస మార్చి అడగండి. రెండుసార్లూ ఒకే జవాబు వస్తే నమ్మండి.

అడిగాక పది లెక్కపెట్టేంత సేపు ఆగండి. మధ్యలో ఇంకో మాట అందించకండి. చాలామందికి జవాబు తయారు చేసుకోవడానికి ఆ సమయం నిజంగా కావాలి.

మాటలు తక్కువైతే ఫొటోలు వాడండి. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన టాకింగ్ మ్యాట్స్ అనే పద్ధతి ఇంట్లో కూడా పనికొస్తుంది. ఒక చాప పరిచి, పైభాగంలో ఇష్టం, ఏమో, ఇష్టం లేదు అని మూడు బొమ్మలు పెడతారు. ఒక్కో ఫొటో ఇస్తుంటే ఆమె తనకు తోచిన బొమ్మ కింద పెడుతుంది. ఆ చాపను ఫొటో తీసుకుని కొన్ని రోజుల తర్వాత మళ్లీ అడిగి పోల్చి చూడండి.

అసలు మాటలే లేకపోతే, ఫొటోలు కూడా పట్టించుకోకపోతే, ఒక వారం గమనించి రాయండి. ఎవరు దగ్గరుంటే ఒళ్లు వదులవుతోంది, ఎవరొస్తే బిగుసుకుంటోంది, ఏ చోటికి తనంతట తాను నడుస్తోంది, ఎక్కడి నుంచి మొహం తిప్పేసుకుంటోంది. అదీ జవాబే. మరొకరిని కూడా విడిగా గమనించి రాయమనండి, ఎందుకంటే మనం చూడాలనుకున్నదే మన కంటికి కనిపిస్తుంది.

2. మనుషుల పటం గీయండి

పెద్ద కాగితం మధ్యలో ఆమె ఫొటో అంటించి, చుట్టూ ఒకదాని బయట ఒకటి నాలుగు వలయాలు గీయండి. మొదటి వలయంలో ఆమెకు ప్రాణమైనవాళ్లు. రెండో దానిలో స్నేహితులు. మూడో దానిలో క్లాసులోనో, క్లబ్బులోనో, పనిచోటనో తరచూ కలిసేవాళ్లు. నాలుగో దానిలో డబ్బు తీసుకుని సేవ చేసేవాళ్లు: డాక్టరు, స్పెషల్ టీచరు, థెరపిస్టు, డ్రైవరు.

ఎక్కువ ఇళ్లలో పటం ఒకేలా ఉంటుంది. మొదటి వలయంలో అమ్మ, నాన్న, నాలుగో వలయంలో బోలెడుమంది, మధ్యలో రెండూ ఖాళీ. చూడగానే మనసు చివుక్కుమంటుంది. అదే వయసున్న అన్నకో చెల్లికో కూడా ఒక పటం గీసి పక్కన పెట్టండి. తేడా చూశాక చేయాల్సిన పని ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

పేరు రాసే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ మనిషి ఆమె కోసం వస్తున్నారా, మీ కోసం వస్తున్నారా? మీ కోసం వచ్చేవాళ్లను వేరే రంగుతో రాయండి. వాళ్లూ పనికొస్తారు, కానీ మీరు లేనప్పుడు వస్తారో రారో ఇంకా తెలియదు.

3. రెండు కాగితాలు తయారు చేయండి

మొదటిది ఒక పేజీ పరిచయం. మూడే శీర్షికలు: అందరూ ఆమెలో మెచ్చుకునేది, ఆమెకు ముఖ్యమైనది, ఆమెకు ఎలా తోడుండాలి. "మంచి పిల్ల, అందరితో కలుస్తుంది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "పేర్లు ఒకసారి వింటే మరచిపోదు. చెప్పకుండా వెనక నుంచి భుజం తాకితే బెదిరిపోతుంది. బయటికి వెళ్లేముందు ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడు తిరిగొస్తామో ఫొటోలతో చెబితే నింపాదిగా ఉంటుంది" అని రాస్తే కొత్త మనిషి కూడా ఒక సాయంత్రం ధైర్యంగా గడపగలరు. రాశాక ఆమెకు చదివి వినిపించండి. తనకు నచ్చని వాక్యం తీసేయండి. ఇది చేతి నుంచి చేతికి మారే కాగితం కాబట్టి వైద్య వివరాలు, ఇంటి గొడవలు, స్నానం, నెలసరి సంగతులు ఇందులో రాయకూడదు.

రెండోది సంకేతాల పట్టిక. నాలుగు గడులు: ఏం జరుగుతున్నప్పుడు, ఆమె ఏం చేస్తుంది, దాని అర్థం ఏమనుకుంటున్నాం, మనం ఏం చేయాలి. ఉదాహరణకు: చుట్టూ చాలామంది మాట్లాడుతున్నప్పుడు / చేతులతో చెవులు మూసుకుని ఊగుతుంది / శబ్దం భరించలేకపోతోంది / ఏమీ అడగకుండా పక్క గదికి తీసుకెళ్లాలి. ఇదంతా ఇప్పుడు మీ తలలో మాత్రమే ఉంది. కాగితం మీదికి రాకపోతే మీతోనే పోతుంది. మీరు మిగతావన్నీ వదిలేసి ఒక్కటే చేయగలిగితే, ఈ పట్టిక చేయండి.

హెచ్చరిక: అలవాటు లేని కోపం, తల కొట్టుకోవడం, నిద్ర పోకపోవడం, పనుల మీద హఠాత్తుగా ఆసక్తి తగ్గడం కనిపిస్తే "వైకల్యం వల్లే" అని వదిలేయకండి. చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం ఇలాగే బయటపడతాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో వినికిడి తగ్గడం, థైరాయిడ్ సమస్య ఎక్కువ. ముందు డాక్టరుకు చూపించండి. మందులు, ఎలర్జీలు, ఫిట్స్ వస్తే ఏం చేయాలి, డాక్టరు నంబరు అన్నీ వేరే కాగితం మీద రాసి, అత్యవసరంలో దగ్గరుండే ఒకరిద్దరికి మాత్రమే ఇవ్వండి.

4. మనుషుల్ని పిలవండి

అందరికీ కష్టమైన మెట్టు ఇదే. అడగడానికి నామోషీ, కాదంటారేమోనన్న టెన్షన్. దానికితోడు అడిగే తీరు కూడా తప్పుతుంది. "మా తర్వాత మా అమ్మాయిని మీరే చూసుకోవాలి" అంటే ఎంత మంచి మనిషైనా వెనక్కి తగ్గుతారు. ఒక జన్మంతా మోయాల్సిన బరువు ఒక్క మాటలో మీద పెట్టినట్టుంటుంది కదా.

చిన్నది, స్పష్టమైనది, ముగింపు తేదీ ఉన్నది అడగండి. ఇలా:

"మా అమ్మాయికి మీరంటే ఇష్టం, మీ పేరు తనే చెప్పింది. తన గురించి మాట్లాడుకోవడానికి ఒకసారి నలుగురం గంటన్నర కూర్చుంటున్నాం. రాగలరా? డబ్బు సాయం అడగడం లేదు. ఆ రోజు విన్నాక ఇష్టమైతేనే మళ్లీ రండి."

"మీ పేరు తనే చెప్పింది" అన్నది నిజమైతేనే చెప్పండి. నిజమైనప్పుడు దాన్ని మించిన ఆహ్వానం లేదు. ఆమె స్వయంగా అడగగలిగితే, లేదా తన గొంతుతో రికార్డు చేసి పంపగలిగితే ఇంకా మంచిది.

ఎవరెవరిని? మూడో వలయం నుంచి మొదలుపెట్టండి. పాత స్కూల్లో పక్కన కూర్చున్న అమ్మాయి, సంగీతం నేర్పినావిడ, రోజూ పలకరించే పక్కింటాయన, అన్నయ్య స్నేహితుడు. ఉద్యోగం మానేసినా ఇంకా ఫోన్ చేసే పాత టీచర్లు చాలాచోట్ల మంచి సభ్యులవుతారు. కనీసం ఒకరు ఆమె వయసువారై ఉండాలి. అందరూ మీ వయసువారైతే ఆ బృందం మీతోపాటే ముసలిదైపోతుంది.

ఒక్క పేరు కూడా దొరకకపోతే ఆరో మెట్టుకు వెళ్లి, అక్కడ కొన్ని నెలలు గడిపి వెనక్కి రండి. ఇద్దరు దొరికితే ఆ ఇద్దరితోనే మొదలుపెట్టి, "ఇంకెవరిని పిలవొచ్చు?" అని వాళ్లనే అడగండి.

5. మొదటి సమావేశం

గంటన్నర దాటనీయకండి. ఆమెకు నచ్చిన చోట, తను హుషారుగా ఉండే వేళలో పెట్టండి. ఎజెండా బొమ్మలతో గోడకు అంటించండి. మధ్యలో లేచి వెళ్లినా, మళ్లీ వచ్చినా ఎవరూ ఏమీ అనకూడదు.

మొదటి అరగంట: ఆమెలో మీకు నచ్చేది ఏమిటో ఒక్కొక్కరూ ఆమె వైపు చూసి చెప్పాలి. తర్వాత: ఆమె కోరుకునే మంచి రోజు ఎలా ఉంటుంది, ఏది జరిగితే రోజు పాడవుతుంది. చివరి పావుగంట: వచ్చే నెలలో జరగాల్సిన రెండు పనులు, ఎవరు, ఎప్పటికి.

ఆమె ఎదురుగా ఉండగా "తను", "తనకు" అంటూ ఆమె గురించి మాట్లాడుతుంటే, నడిపేవారు ఆపి "నేరుగా తననే అడుగుదాం" అనాలి. మీరు తల్లి లేదా తండ్రి అయితే మొదటి అరగంట వినడానికే కూర్చోండి. ఆమె జవాబు మీరు చెప్పేయాలని నోటి దాకా వస్తుంది. ఆపుకోండి.

6. బయట ఒక చోటు సంపాదించండి

ఇంట్లో జరిగే సమావేశాలతోనే స్నేహాలు పెరగవు. ఒకే చోటికి, ఒకే వేళకు, వారం వారం వెళితే పెరుగుతాయి. ఏడాదికి పది చోట్ల తిరగడం కన్నా ఒక్కచోట నలభై సార్లు కనిపించడం మేలు.

ఆమె ఇష్టం ఏదో చూసి, ఆ ఇష్టం ఉన్నవాళ్లు ఎక్కడ చేరతారో వెతకండి. మొక్కలంటే ఇష్టమైతే తోట పెంచే బృందం, పుస్తకాలు సర్దడం ఇష్టమైతే గ్రంథాలయం, పాటలైతే బృందగానం. వైకల్యం ఉన్నవారి కోసం ప్రత్యేకంగా పెట్టిన చోట్లు వద్దనను, అక్కడి స్నేహాలూ నిజమైనవే. కానీ అవి మాత్రమే ఉంటే మూడో వలయం అలాగే ఉండిపోతుంది. ప్రేక్షకురాలిగా కూర్చోబెట్టకండి, చిన్నదైనా ఒక పని ఉండాలి: కుర్చీలు వేయడం, హాజరు టిక్ పెట్టడం, నీళ్లు పోయడం. పని ఉన్న మనిషి రాకపోతే "ఎందుకు రాలేదు?" అని అడుగుతారు. మనకు కావలసింది ఆ ప్రశ్నే.

సాయం కొంచెంతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచండి: ఆగి చూడండి, మాటతో గుర్తు చేయండి, చేత్తో సైగ చేయండి, మీరు చేసి చూపించండి, చివరికి చేయి పట్టి చేయించండి, అదీ ఆమెకు ఇష్టమైతేనే. చాలామంది చివరి మెట్టు దగ్గరే మొదలుపెడతారు. పని కష్టమైతే ముక్కలు చేసి, ఆఖరి ముక్క ముందు ఆమెతో చేయించండి. పని పూర్తి చేసిన సంతోషం మొదటిరోజే దక్కుతుంది. తర్వాత దాని ముందు ముక్క నేర్పండి.

తోడుగా వెళ్లేవారు క్రమంగా దూరం జరగాలి. మొదట పక్క కుర్చీ, తర్వాత గది చివర, తర్వాత గుమ్మం బయట. మీరు పక్కనే అతుక్కుని ఉంటే అందరూ మీతోనే మాట్లాడతారు.

7. భద్రత నియమాలు మొదటి రోజే చెప్పండి

2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, మానసిక లేదా మేధో వైకల్యం ఉన్న పిల్లలు మిగతా పిల్లలకన్నా లైంగిక హింసకు గురయ్యే ప్రమాదం 4.6 రెట్లు ఎక్కువ. పెద్దయ్యాక ఆ ప్రమాదం మాయమైపోదు. హాని చేసేవారు తరచుగా తెలిసినవారే. అందుకని మొహమాటపడకండి. అందరికీ ఒకే నియమం అన్నప్పుడు ఎవరినీ అనుమానించినట్టు కాదు.

- ఆమె డబ్బు ఏ ఒక్కరి చేతిలోనూ ఉండకూడదు. లెక్క ఒకరు రాస్తే ఇంకొకరు చూడాలి.
- స్నానం, బట్టలు మార్చడం లాంటివి ఎవరు చేయిస్తారో ఆమె ఒప్పుకుని ఉండాలి. బృందంలో చేరినంత మాత్రాన ఆ చనువు రాదు.
- "ఇది మనిద్దరి మధ్యే" అనే రహస్యాలు ఉండకూడదు.
- ఒంటి భాగాల అసలు పేర్లు, "వద్దు" అనడం (మాటతో, సైగతో, కార్డుతో) ఆమెకు నేర్పండి. ఇంట్లో చిన్న విషయాల్లో ఆమె "వద్దు"కు విలువ లేకపోతే పెద్ద విషయంలో ఆ మాట రాదు.
- ఒకరిని చూసి హఠాత్తుగా జంకితే కారణం తెలిసేదాకా ఆ మనిషితో ఒంటరిగా పంపకండి.

తోడు బృందానికి చట్టపరమైన అధికారం ఉండదు. విల్లు, ట్రస్టు, సంరక్షకత్వం లాంటివి ఏ దేశానికి ఆ దేశం చట్టం, లాయరును కలవాల్సిందే. వెళ్లినప్పుడు "నిర్ణయం ఆమెదే ఉంచి, తీసుకోవడానికి సాయం చేసే ఏర్పాటు ఉందా?" అని అడగండి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం చెప్పేది ఇదే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 1996లోనే అలాంటి ఒప్పందాలకు చట్టం చేసింది.

8. మెల్లగా పగ్గాలు వదలండి

రెండు మూడు నెలలకోసారి కలవండి. నాలుగైదు సమావేశాల తర్వాత తేదీలు ఖాయం చేసి అందరికీ గుర్తు చేసే బాధ్యత మీ నుంచి వేరొకరికి మారాలి. ఆ తర్వాత ఒక సమావేశం మీరు లేకుండా జరగనివ్వండి. ఏం మాట్లాడుకున్నారో మీకు పూర్తిగా చెప్పకపోయినా బాధపడకండి. ఆమెకూ సొంత విషయాలు ఉండాలి.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎలాగూ చూస్తారని అడక్కుండానే అనుకోవడం. వాళ్లను పక్కకు పిలిచి "నువ్వు ఏది చేయగలవు, ఏది చేయలేవు?" అని నిజాయితీగా అడగండి. చేయలేనిది చెప్పినందుకు తప్పు పట్టకండి. బృందం ఉంటే చాలామంది తోబుట్టువులు భయం తగ్గి ఇంకా దగ్గరవుతారు.

ప్రతి సమావేశాన్నీ సమస్యల చిట్టాగా మార్చడం. మూడోసారికి మనుషులు తగ్గిపోతారు.

వాట్సాప్ గ్రూప్ పెట్టి అదే బృందం అనుకోవడం. తేదీలు చెప్పడానికి గ్రూప్ చాలు. ఆమె ఏడుస్తున్న, కోపంగా ఉన్న వీడియోలు అందులో పెట్టకండి. మీకెవరైనా అలా చేస్తే ఎలా ఉంటుంది?

ముప్పై ఏళ్ల మనిషితో చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడటం. మీరు అలా మాట్లాడితే బృందమంతా అదే నేర్చుకుంటుంది.

ఒకరు వెళ్లిపోయారని అంతా అయిపోయిందనుకోవడం. ఉద్యోగాలు మారతాయి, ఊళ్లు మారతాయి. వెళ్లేవారిని ఆమెకు ఎదురుగా వీడ్కోలు చెప్పి వెళ్లమనండి. ఎవరైనా చెప్పకుండా మాయమైతే ఆమెకు అది చాలాకాలం గుచ్చుకుంటుంది.

పని చేస్తోందా? ఇలా చూడండి

ఆరు నెలలకోసారి మనుషుల పటం మళ్లీ గీసి పాతదాని పక్కన పెట్టండి. మధ్య రెండు వలయాల్లో ఒక్క కొత్త పేరు వచ్చినా సరైన దారిలో ఉన్నట్టే. ఏడాది గడిచినా ఏమీ మారకపోతే సమావేశాలు తగ్గించి ఆరో మెట్టు మీద సమయం పెట్టండి.

నోట్‌బుక్‌లో నెలకోసారి నాలుగు జవాబులు రాయండి. ఈ నెల ఆమె తనంతట తాను ఏది ఎంచుకుంది? మీరు లేకుండా ఎవరితో బయటికి వెళ్లింది? ఆమెకు ఎవరు ఫోన్ చేశారు, మీకు కాదు, ఆమెకు? ఆమె ఎవరికి ఏ సాయం చేసింది? నాలుగోది ఎప్పుడూ ఖాళీగా ఉంటే, ఆమెను తీసుకునే మనిషిగానే చూస్తున్నారన్నమాట.

చివరి పరీక్ష: మీరిద్దరూ రెండు రోజులు ఊళ్లో లేకుండా వెళ్లండి. నెల ముందే ఆమెకు చెప్పి, క్యాలెండర్‌లో గుర్తు పెట్టి, ఎవరెవరు ఎప్పుడు ఉంటారో ఫొటోలతో చూపించండి. అత్యవసరమైతే తప్ప ఫోన్ చేయవద్దని బృందానికి చెప్పండి. తిరిగొచ్చాక మూడు విషయాలు అడగండి: సంకేతాల పట్టికలో లేనిది ఏం ఎదురైంది, ఏ వస్తువు ఎక్కడుందో తెలియలేదు, ఏ నిర్ణయం తీసుకోవడానికి జంకారు. ఆ జవాబులు పట్టికలో చేర్చి, కొన్ని నెలల తర్వాత ఈసారి నాలుగు రోజులు వెళ్లండి.